ముడి మోసిన మనిషి

పోయిన నెల మా ఆడపడుచుకి చిన్న ఆపరేషనైతే తోడుగా ఆసుపత్రిలో కూర్చున్నాను. థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు కొత్తగా చేరిన నర్సు కాబోలు, ఒక చిన్నపిల్ల గబగబా వచ్చింది. మా ఆడపడుచు చేతికున్న ఎర్రతాడుని కత్తెరతో టక్కున కత్తిరించి చెత్తడబ్బాలో పడేసింది. పెనుగొండ అమ్మవారి గుళ్ళో కట్టించుకున్న తాడు అది. "ఎవరు కట్టారో అడిగావా అమ్మా?" అన్నాను నేను. ఆ మాట నాది కాదు. ఆ మాట అనే మనిషి పోయి ఏడేళ్ళయింది.

ఆవిడ పేరు రాయను. వార్డులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేనెరగను కూడా. పెద్ద సిస్టరుగారు, అంతే. తొంభైల్లో గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డు ఆవిడ చేతిలో ఉండేది. ఆడవాళ్ళ వార్డు, పన్నెండు మంచాలు. ఆ వార్డు అంటే ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి కొత్త నర్సులకి అంటగట్టేవారు. ఇరవై రెండేళ్ళ వయసులో నన్ను అలాగే అక్కడికి తోశారు.

పొట్టి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, టోపీ, మెళ్ళో సన్నటి శిలువ. పెళ్ళి చేసుకోలేదు. కొబ్బరినూనె రాసి, వెనక్కి బిగించి దువ్వుకున్న తల మీద ఒక్క వెంట్రుక లేచి ఉండేది కాదు. కోపం వస్తే గొంతు పెంచే అలవాటు లేదు, 'అండీ'లు పెంచేది. "మీరు ఆలస్యంగా వచ్చారండీ, మళ్ళీ నవ్వుతున్నారండీ, చాలా బాగుందండీ" అన్నదంటే మనకి ఆ రోజు మూడిందన్నమాట. మాత్ర మింగానన్న రోగి చేత నాలుక ఎత్తించి చూసేది. ఆ విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు.

మిగతా విషయాల్లో మాత్రం ఆవిడ చేసే పనులు చూసి మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. వార్డు తలుపుకి లోపల గడియ ఉండదు. అయినా ఆవిడ రోజూ బయట ఆగి, రెండుసార్లు తట్టి, "రావచ్చాండీ?" అని అడిగేది. ఎవరో ఒకరు రమ్మనేదాకా నిలబడేది. ఒక్కోసారి పన్నెండు మందిలో ఒక్కరూ పలికే స్థితిలో ఉండరు. అప్పుడు కూడా నిలబడేది. కాసేపటికి తల ఊపి లోపలికొచ్చేది. ఎవరు రమ్మన్నారని నేను ఒకసారి అడిగితే, "రావద్దని ఎవరూ అనలేదు కదమ్మా" అంది.

తాళ్ళూ తాయెత్తులూ రోగుల ఒంటి మీద ఉండకూడదని నిబంధన. మెడకి బిగించుకుంటారేమోనని భయం. ఆవిడ నిబంధన తప్పేది కాదు, కానీ కత్తెర ముట్టేది కాదు. మంచం మీద కూర్చుని, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఏ రోజు కట్టారని అడుగుతూ, ముడిని గోళ్ళతో అరగంటసేపు విప్పేది. విప్పినదాన్ని కవర్లో పెట్టి, ఆ మనిషి కళ్ళెదుటే పేరు రాసి బీరువాలో దాచేది. "అడిగితే మనకేం పోయిందమ్మా?" అనడం ఆవిడకి ఊతపదం.

ఒకసారి జంగారెడ్డిగూడెం నుంచి ఒకావిడ వచ్చింది. చచ్చిపోయిన అక్కతో పొద్దస్తమానం మాట్లాడుతుండేది. పెద్ద సిస్టరుగారు ఆ మాటలు కాసేపు విని, "అక్కగారు కూర్చున్నారా, నిలబడ్డారా?" అని అడిగింది. నిలబడే ఉందని చెప్పిందావిడ. "అయ్యో, కాళ్ళు లాగవూ?" అంటూ ఒక స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. ఇక మూడు వారాలు అందరం ఆ స్టూలు చుట్టూ తిరిగి వెళ్ళవలసి వచ్చింది. డాక్టరుగారు రౌండ్స్‌లో దాని మీద కూర్చోబోతే, "అక్కడ వద్దండి, ఇటు వేస్తాను" అని ఇంకో కుర్చీ లాగింది.

ఆయనకి ఒళ్ళు మండింది. "మీరు వాళ్ళ జబ్బుని పెంచి పోషిస్తున్నారు సిస్టర్."

"మందులు మానిపించానా అండీ? టైముకి ఇచ్చానండీ. స్టూలు కూడా వేశానండీ" అంది.

మందులు పనిచేశాయి, అక్కగారి రాకపోకలు తగ్గిపోయాయి, ఆవిడ నెమ్మదించి ఇంటికెళ్ళింది. పెద్ద సిస్టరుగారు ఆ స్టూలుని తడిగుడ్డతో తుడిచి, "చెల్లెలు ఇంటికెళ్ళింది. ఇంక మీరూ వెళ్ళి రండి" అంది. పక్కనున్న నేను కిసుక్కున నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం కాళ్ళు పీకుతుంటే అదే స్టూలు మీద కూర్చోబోయి, ఎందుకో కూర్చోలేక నిలబడే అన్నం తిన్నాను.

ఆ ఏడే ఒక పెద్ద తుఫాను వచ్చింది. అది వెళ్ళిన మూడు వారాలకి ఉప్పాడ నుంచి ఒక ముసలమ్మ తన కోడల్ని తీసుకొచ్చింది. వేటకెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కోడలు రోజూ మిట్టమధ్యాహ్నం ఒడ్డున నిలబడి, ఎవరో పిలిచినట్టు నీళ్ళలోకి నడిచిపోతోందట. రెండుసార్లు జుట్టు పట్టుకుని వెనక్కి లాగారట. పెద్ద సిస్టరుగారు ఆ రెండు రోజులూ చుట్టాలింట్లో పెళ్ళికని సెలవులో ఉంది. చేర్చుకున్నది నేను. మూడో నంబరు మంచం ఇచ్చాను. ఇంజెక్షనుతో ఆవిడ నిద్రపోయింది.

ఆ జుట్టు చూసి ఊరుకోలేకపోయాను. మెడ మీద పిడికిలంత ముడి. ఉప్పుకి గట్టిపడి రాయిలా ఉంది. మాది వరిపొలాల ఇల్లు. మా ఇంట్లో జ్వరం పడి లేచిన మనిషికి మొట్టమొదట చేసేది తలకి నూనె పెట్టి దువ్వడం. మా అమ్మ ప్రేమంతా ఆ దువ్వెనలోనే ఉండేది. అందుకని ఎవరూ చెప్పకుండానే నేను నూనె సీసా తెచ్చుకుని కూర్చున్నాను. గంటన్నర పట్టింది. ఒక్క వెంట్రుక కూడా తెగనివ్వకుండా ఆ ముడి విప్పి, చిక్కు తీసి, నున్నగా జడ వేశాను. ఎంత గర్వపడ్డానో! లేచాక అద్దం చూపిద్దామనుకున్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి ముందు చెయ్యి మెడ వెనక్కి పెట్టుకుంది. కాసేపు తడుముకుంది. అరవలేదు. "ఎవరు ఇప్పేరు?" అంది.

"నేనేనండి" అన్నాను నవ్వుతూ.

నన్ను చాలాసేపు చూసింది. "అయితే మునిగిపోయేడు" అంది. గోడవైపు తిరిగి పడుకుంది.

అంతే. మళ్ళీ మాట లేదు. అన్నం లేదు, నీళ్ళు లేవు. సెలైన్ పెడితే పీకేసింది. పెద్ద సిస్టరుగారు వచ్చేసరికి పెదాలు పగిలిపోయి, కళ్ళు లోతుకి పోయాయి. ముక్కులోంచి గొట్టం వేద్దామనీ, అదీ పీకేస్తే చేతులు కట్టేద్దామనీ డాక్టరుగారు అన్నారు. ఒంట్లో బలం లేదు, ఇలాగే ఉంటే దక్కదని కూడా అన్నారు. నేను ఏం చేశానో పెద్ద సిస్టరుగారికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "అడిగావా అమ్మాయ్?" అని మాత్రం అంది. లేదని తల ఊపాను. "పద, ఇప్పుడడుగుదాం. విప్పినదానివి నువ్వేగా, నువ్వూ రా" అంది. మర్నాడు ఆదివారం. చర్చి మానేసి బస్సెక్కింది.

కాకినాడలో బస్సు మారి ఉప్పాడలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. వాళ్ళ ఇంటి ముందుగది సముద్రం తినేసింది. గుమ్మం నిలబడే ఉంది, గుమ్మానికి అవతల నీళ్ళు. ముసలమ్మ మమ్మల్ని వెనక గదిలో కూర్చోబెట్టింది. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ ఖాళీ గుమ్మంలోంచి అల వచ్చి, గడప దాటి, వెళ్ళిపోతూ ఉంది. నేను అటు చూడకుండా ఉండలేకపోయాను, చూడనూ లేకపోయాను.

"ఈ ఆచారం ఊరందరికీ లేదండి. మా ఇంటికే ఉంది" అని ముసలమ్మ చెప్పింది. "మగోడు పడవ తోసేటప్పుడు పెళ్ళాం ఒడ్డున నిలబడి జుట్టు ముడేస్తాదండి. ఆడు తిరిగొచ్చి తన చేత్తో ఇప్పాలి. ఈలోపల తల దువ్వదు, తలంటుకోదు. ఆ ముడే ఆడికి తాడండి. ఇప్పేస్తే సంద్రం మీద ఆణ్ణి పట్టుకున్నోళ్ళెవరూ లేనట్టే."

నేను నా చేతుల వంక చూసుకున్నాను. పెద్ద సిస్టరుగారు మాత్రం బీపీ ఎంతని అడిగినంత మామూలుగా, "మళ్ళీ వెయ్యొచ్చాండీ?" అంది.

"ఆ తల మీద మళ్ళీ ఎయ్యకూడదండి. ఇంకో తల మీద ఎయ్యొచ్చు. కోడలు పురిటికెల్తే తోడికోడలు మోస్తాది."

"తోడికోడలు ఉందా?"

"లేదండి. ఒక్కడే కొడుకు. నేనేమో మొగుణ్ణి సంద్రానికిచ్చినదాన్ని, నా తల పనికిరాదు."

"పెళ్ళి కాని తల పనికొస్తుందా?"

ముసలమ్మ ఆవిణ్ణి కింద నుంచి పైదాకా చూసింది. శిలువ దగ్గర చూపు ఆగింది. "మీరు ఏసుప్రభువోళ్ళు కదండీ?"

"అవునండి. అందుకే అడుగుతున్నాను. మీ గంగమ్మ తల్లికి అభ్యంతరమైతే మానేస్తాను."

ముసలమ్మ గుమ్మం వైపు తిరిగింది. ఒక అల లోపలిదాకా వచ్చి మా చెప్పుల్ని తడిపి పోయింది. "ఎయ్యమనండి. ముడికి అయ్యన్నీ తెలవ్వు" అంది.

సోమవారం పెద్ద సిస్టరుగారు తలుపు తట్టి, రెండు నిమిషాలు నిలబడి, లోపలికొచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టింది. నూనె రాసి నున్నగా దువ్వుకున్న జుట్టు విప్పింది. మోకాళ్ళదాకా ఉంది. అంత జుట్టుందని మాకెవరికీ తెలియదు. మూడో మంచం దగ్గర నేల మీద వీపు తిప్పి కూర్చుని, "ఉప్పాడ వెళ్ళొచ్చానమ్మా. మీ అత్తగారు ఒప్పుకున్నారు. నా తలకి వెయ్యి" అంది.

నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి ఉన్న మనిషి ఇటు తిరిగి లేచి కూర్చుంది. ఆ జుట్టుని చుట్టచుట్టి, లోపలికి దూర్చి, పంటితో బిగించి ముడి వేసింది. వేసి దాన్ని ఒకసారి గుంజి చూసుకుంది. తర్వాత, "నీళ్ళు" అంది. నేను గ్లాసు పట్టుకుని ఏడ్చేశాను.

బయటికొచ్చాక అడిగాను. "ఇది అబద్ధం కాదా అండీ? ఆవిణ్ణి నమ్మిస్తున్నట్టు?"

"అబద్ధమెక్కడుందమ్మా? ముడి ఉందా, లేదా? నేను మోస్తున్నానా, లేదా? ఆవిడ అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

అప్పటి నుంచీ రోజూ మధ్యాహ్నం మందులవేళ మూడో మంచం ఆవిడ, "ఎలాగుందండి?" అని అడిగేది. పెద్ద సిస్టరుగారు మెడ వెనక చెయ్యి పెట్టుకుని, కాస్త ఆగి, "బరువుగానే ఉందమ్మా" అనేది. ఆవిడ మాత్ర మింగి, నాలుక ఎత్తి చూపించి, అన్నానికి కూర్చునేది. మొదట్లో ఆ ఆగడం రోగి కోసం ఆడుతున్న నాటకమనుకున్నాను. రెండు వారాలు గడిచాక నాటకమని అనుకోలేకపోయాను.

ఎందుకంటే ఆవిడ నడక మారింది. మెడ బిగదీసుకుని, బిందె ఎత్తుకున్నదానిలా నడిచేది. తలదిండు వేసుకోవడం లేదని క్వార్టర్స్‌లో పక్కింటి ఆయా చెప్పింది. సిస్టరుగారి దగ్గర నీచు వాసన వస్తోందని కూడా అంది. నిజంగానే డ్యూటీ గదిలో ఫ్యాను వేస్తే ఒడ్డున ఆరబెట్టిన వలల వాసన వచ్చేది. ఒకరోజు నా పక్కన కూర్చుని కేసు షీటు రాస్తుంటే ఆవిడ తల ఒక్కసారి వెనక్కి గుంజినట్టు పడింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. పెన్ను కాగితం మీద అడ్డంగా గీత గీసుకుపోయింది. "ఏంటండీ?" అన్నాను భయపడి. "ఏం లేదమ్మా. ఇవాళ సముద్రం పోటు మీద ఉన్నట్టుంది" అని, ఆ గీత పక్కన టైము వేసి సంతకం పెట్టి, రాయడం మొదలెట్టింది.

పిచ్చివాళ్ళ మధ్య ఉండి ఈవిడకీ అంటుకుందన్నారు జనం. పాస్టరుగారు వచ్చి మందలించి వెళ్ళారు. తల దువ్వుకుని డ్యూటీకి రావాలని ఆఫీసు నుంచి మెమో వచ్చింది. "తప్పకుండా దువ్వుకుంటానండీ. విప్పవలసిన మనిషి రావాలండీ. రాగానే దువ్వుకుంటానండీ" అని జవాబు రాసింది. ఆ మెమో చూసిన రోజు నాకు దుఃఖం ఆగలేదు. తప్పు చేసింది నేను, మోస్తున్నది ఆవిడ. అదే మాట అంటే, "నీ జుట్టు పొట్టిదమ్మాయ్, ఆగదు" అని నవ్వింది.

ఆరు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం మందుల ట్రే పట్టుకుని ఆవిడ ముందు, నేను వెనక. రెండో మంచం దగ్గర ఆవిడ ఆగిపోయింది. ట్రే నా చేతికిచ్చి మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. ఆ ముఖంలో రంగు పోవడం నేను చూశాను. అప్పటికే మూడో మంచం ఆవిడ లేచి కూర్చుని ఇటే చూస్తోంది. ఆ రోజు ఎలాగుందని అడగలేదు.

"బరువుగానే ఉంది" అని ఒక్క మాట అంటే ఆ పూట గడిచిపోయేది. అంటే బాగుండునని నేను మనసులో మొక్కుకున్నాను. మళ్ళీ గోడవైపు తిరిగితే ఈసారి ఆ ప్రాణం నిలవదని నాకు తెలుసు. పెద్ద సిస్టరుగారికీ తెలుసు. వెళ్ళి మొదటి రోజు కూర్చున్నట్టే నేల మీద వీపు తిప్పి కూర్చుంది.

"తేలికైపోయిందమ్మా" అంది. "ఇప్పుడే. నీకు చెప్పకుండా ఉండలేను."

మూడో మంచం ఆవిడ ముడి మీద చెయ్యి వేసింది. గుంజి చూసింది. ఎంతసేపు అలా పట్టుకుని ఉందో చెప్పలేను. "ఆయనొచ్చి ఇప్పాల్సింది" అంది చివరికి. తర్వాత నా వైపు చూసింది. "నువ్విప్పు. నీ చెయ్యి ఒకసారి ఇప్పిందే కదా."

వేళ్ళతో మొదలెట్టాను. ఏమీ తెలియక చేసిన రోజు గంటన్నర పట్టింది, అన్నీ తెలిసి చేస్తుంటే అంతకంటే ఎక్కువ పట్టింది. "మెల్లగా" అంటూ మూడో మంచం ఆవిడే పాయలు పట్టుకుంది. ముడి లోపలి పొరల్లోంచి కింద పరిచిన కాగితం మీద ఇసుక రాలింది. నల్లటి సముద్రపు ఇసుక, గుప్పెడుంటుంది. ఉప్పాడ వెళ్ళినప్పటిదేనన్నారు డాక్టరుగారు తర్వాత. కావచ్చు. కానీ ఆ ముడి వేసింది మేం ఉప్పాడ నుంచి వచ్చిన మర్నాడు, నూనె పెట్టి దువ్విన తల మీద.

దువ్వడం అయ్యాక పెద్ద సిస్టరుగారు లేవలేదు. "ఆయనది ఎడమ చేతివాటమా అమ్మా?" అని అడిగింది.

"మీకెలా తెలుసండి?"

"గుంజినప్పుడల్లా ఎడమవైపుకే గుంజేవాడు."

ఉప్పాడ ఆవిడ ఆ మాటకి నోరు తెరిచింది. మొదట శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. తుఫాను తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదలు. సాయంత్రందాకా ఏడ్చింది, మేం ఆపలేదు. ఆ తర్వాత తనే చేతుల గాజులు తీసి పెద్ద సిస్టరుగారికి ఇచ్చింది. తనే అన్నం అడిగింది.

వార్త మూడో రోజు వచ్చింది. దక్షిణాన ఎక్కడో ఏరు సముద్రంలో కలిసే మొగలో వలకి పడవ చెక్క తగిలిందట, చెక్కకి చిక్కుకుని అతని చొక్కా ఉందట. శుక్రవారం మధ్యాహ్నం బయటికి లాగారట. ఎప్పుడో ఒకప్పుడు దొరకవలసిందే కదా అన్నారు డాక్టరుగారు. పెద్ద సిస్టరుగారు కాదనలేదు. కేసు షీటులో మాత్రం శుక్రవారం నాటి గడిలో, "తేలికైనట్టు నాకు అనిపించింది, రోగికి చెప్పాను" అని రాసుంది. నేను చూశాను.

ఇంకో నెలకి ఆవిణ్ణి ఇంటికి పంపారు. ముసలమ్మ వచ్చింది. మందుల చీటీ ఇచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రెండుసార్లు చెప్పించుకుని, పెద్ద సిస్టరుగారు గేటుదాకా వెళ్ళింది. టోపీ కింద తల మళ్ళీ నున్నగా ఉంది.

ఉప్పాడ ఆవిడ రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "మీ మెడనొప్పి తగ్గిందా అండి?" అని అడిగింది.

"తగ్గింది తల్లీ" అంది పెద్ద సిస్టరుగారు. చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. "కానీ ఏం చెప్పను. అలవాటైపోయాడు."

"నాకూ అంతేనండి" అంది ఆవిడ.